పెళ్లిరోజుకి పిలిచి మాట్లాడుకోనివ్వకపోతే ఎలా?

యాభయ్యేళ్ల పెళ్లిరోజుకి అయినవాళ్లను పిలిచేది స్టేజి మీద ఫొటో కోసం కాదండీ. మా కోనసీమలో ఈ మధ్య ఏ గోల్డెన్ జూబిలీకి వెళ్లినా ఒకటే వరస. ఏసీ హాలు, పూల స్టేజి, చెవులు చిల్లులు పడే డీజే, అక్షింతలు వేయడానికి క్యూ, బఫే. పెద్దవాళ్లిద్దరినీ సోఫాలో కూర్చోబెట్టి గంటల తరబడి కదలనివ్వరు. వచ్చినవాళ్లు పక్కన నిలబడి కెమెరా వైపు చూసి దిగిపోతారు.

పోయినేడాది అమలాపురంలో మా బంధువుల ఫంక్షన్లో కళ్లారా చూశాను. ఆ పెద్దాయన చిన్ననాటి స్నేహితుడు, డెబ్బై దాటిన మనిషి, నరసాపురం నుంచి వచ్చారు. వశిష్ఠ గోదావరి మీద పంటు (జనాన్నీ బళ్లనీ ఏరు దాటించే పెద్ద పడవ) ఎక్కి, సఖినేటిపల్లిలో దిగి, అక్కణ్ణుంచి బస్సు పట్టుకుని. వంతు వచ్చేదాకా క్యూలో ఓపిగ్గా నిలబడ్డారు. స్టేజి ఎక్కి "ఒరేయ్, నేన్రా" అన్నారు. డీజే హోరులో అవతలాయనకి వినపడలేదు. ఫొటోగ్రాఫరు "సార్, ఇటు చూడండి" అన్నాడు, వెనకవాళ్లు తొందరపెట్టారు, అయిపోయింది. తర్వాత చూస్తే ఓ చేత్తో ప్లేటు, ఇంకో చేత్తో సంచి పట్టుకుని గోడవారన నిలబడి ఉన్నారు. చివరి పంటు దొరుకుతుందో లేదోనన్న టెన్షన్‌తో పెరుగన్నం దాకా ఆగకుండానే వెళ్లిపోయారు. అంత దూరం ఆ భోజనం కోసం వచ్చారా ఆయన? నాకైతే ఆ రాత్రి కడుపు రగిలిపోయింది.

అందుకే ఈ వేసవిలో మా అమ్మానాన్నల యాభయ్యేళ్లు వచ్చినప్పుడు హాలు వద్దని పట్టుబట్టాను. అన్నయ్య ఒక పట్టాన ఒప్పుకోలేదు. ఎండ, పార్కింగ్, హైదరాబాద్ నుంచి వచ్చే పిల్లలు. అవన్నీ నిజమైన ఇబ్బందులే, జనరేటరుకీ కూలర్లకీ బాగానే ఖర్చయింది. అయినా ఊళ్లో ఇంటి ముందే పందిరి వేశాం. వాట్సాప్‌లో కార్డు పంపి ఊరుకోకుండా అమ్మే కూర్చుని ఒక్కొక్కరికీ ఫోన్ చేసింది. "వదినా, ముందురోజు మధ్యాహ్నానికే దిగిపోవాలి, పడకలన్నీ చూశాం" అని.

ఆ ముందురోజు రాత్రి, 1975 నాటి బ్లాక్ అండ్ వైట్ గ్రూప్ ఫొటోని చెల్లెలు గోడ మీంచి దించి అరుగు మీద పెట్టింది. ఆడవాళ్లంతా చుట్టూ మూగారు. "ఈ జడగంటల పిల్ల ఎవరే?" "నువ్వే కదే!" మా పెద్దత్తయ్య కళ్లజోడు తుడుచుకుని ఒక్కో వరసా చెబుతుంటే, మా మేనకోడలు ఫొటో వెనక అట్ట మీద పేర్లన్నీ రాసింది. పుట్టినప్పటి నుంచీ చూస్తున్న ఫొటో అది. అందులో సగం మంది ఎవరో నాకు ఆ రాత్రే తెలిసింది. అత్తయ్యకి ఎనభై దాటాయి. తర్వాతెప్పుడో తీరిగ్గా అడుగుదామంటే ఎవరు చెబుతారు?

నాన్న స్నేహితుడొకాయన 1996 తుఫాను తర్వాత ఊరొదిలేశారు. ఆ నవంబరు 6 రాత్రి ఆయన కొబ్బరితోట మొత్తం నేలకూలింది. మళ్లీ మొక్క నాటితే కాపుకి ఐదారేళ్లు, అప్పులవాళ్లు అన్నాళ్లు ఆగరు. తోట అమ్మేసి కువైట్ వెళ్లారు, ఆ తర్వాత హైదరాబాద్‌లో కొడుకు దగ్గరే ఉండిపోయారు. మడతమంచాలు ఎదురెదురుగా వేసుకుని వాళ్లిద్దరూ మాట్లాడుకుంటుంటే విన్నాను. తుఫాను తెల్లారి, దారికి అడ్డంగా పడ్డ చెట్లన్నీ దాటుకుంటూ నాన్న బియ్యం మూట నెత్తిన పెట్టుకుని వాళ్లింటికి వెళ్లారట. పెంకులు లేచిపోయిన ఇంట్లో ఆయన భార్య పిల్లల్ని మంచం కింద పెట్టుకుని కూర్చుని ఉందట. నాన్న ఇన్నేళ్లలో ఈ సంగతి మాకెప్పుడూ చెప్పలేదు. "ఆ బియ్యం నీకు తిరిగివ్వలేదురా" అని ఆయనంటే, "ఊరుకోరా బాబూ" అని నాన్న మొహం తిప్పుకున్నారు. ఈ మాట స్టేజి మీద క్యూలో వస్తుందా? అర్ధరాత్రి దాటాక, పిల్లలంతా పడుకున్నాక వచ్చింది.

మర్నాడు అరిటాకులు వేసి బంతి భోజనాలు. ఆవపెట్టిన పనసపొట్టు కూర, మామిడికాయ పప్పు, ఆత్రేయపురం పూతరేకులు. గట్టు తగాదాతో ఏళ్లుగా మాటల్లేని మా బాబాయిలిద్దరూ పక్కపక్క విస్తళ్ల ముందు కూర్చోవాల్సి వచ్చింది. తగాదా తీరలేదు. కానీ పెద్దాయన "మోకాలు ఎలా ఉందిరా ఇప్పుడు?" అని అడిగితే చిన్నాయన జవాబు చెప్పారు.

సంక్రాంతికి అందరూ కలుస్తారు కదా అంటారు కొందరు. సంక్రాంతికి ఎవరి అత్తారింటికి వాళ్లు పోతారు, కనుమనాడు జగ్గన్నతోట తీర్థంలో ప్రభలు చూసి మర్నాడే రైలెక్కేస్తారు. పైగా ఊరొదిలిపోయిన స్నేహితుణ్ణి పండక్కి ఎవరు పిలుస్తారు? ఇలాంటి సందర్భానికే పిలవగలం.

హాలుకి ఇప్పటికే అడ్వాన్సు ఇచ్చేసినవాళ్లయినా సరే, డీజేని రెండు గంటలు ఆపించండి. ఆ దంపతులను స్టేజి దించి కింద అందరి మధ్యా కుర్చీలేసి కూర్చోబెట్టండి. ముసలివాళ్లకి ప్లేటు చేతికివ్వకుండా కూర్చోబెట్టి వడ్డించండి. గోదావరి దాటి వచ్చినవాళ్లకి ఆ రాత్రికి పడక చూసి, ఆ సంగతి పిలిచేటప్పుడే చెప్పండి.