వైన్ షాపుకి మే నెల, ఒకటో తరగతికి ఫిబ్రవరి నెలా?

2020 ఉగాది గుర్తుందా? మార్చి 25, పండగ రోజే దేశమంతా లాక్‌డౌన్ మొదలైంది. మా కర్నూలు జిల్లా కోసిగి, మంత్రాలయం, ఆదోని, పత్తికొండ వైపు ఊర్లలో ఉగాదికి ఒక లెక్కుంటాది, సుగ్గికి, అంటే కూలి పనులకి వలస పోయినోళ్లు పండక్కి ఇంటికి రావాల. గుంటూరు వైపు మిరప కోతలకి పిల్లాజెల్లా పోయి, అప్పులు తీర్చేంత సంపాదించుకొని వస్తారు. ఆ ఏడాది చానామంది ఆ చేల పక్కన పట్టల కిందే ఇరుక్కపోయినారు. ఇక్కడేమో బడులు అప్పటికే మార్చి 19 నుంచి మూత.

ఆ తర్వాత కథ మీకు తెలిసిందే కాబట్టి మళ్లీ ఏకరువు పెట్టను. బడులు మూసినప్పుడు అందరూ పాఠం గురించి ఆలోచించినారు, ఆ పిల్లోడున్న ఇంటి గురించి ఆలోచించినోళ్లు తక్కువ, నా కోపమంతా దీనిమీదే. వాట్సాప్ గ్రూపులు, సప్తగిరి చానెల్లో క్లాసులు, ఆన్‌లైన్, ఇట్ల పాఠం ఎట్ల చేర్చాలా అని తెగ తిప్పలు పడినారు, కానీ కూలికి పోయే తల్లి పొద్దున ఏడు గంటలకి ఇంట్లో నుంచి కదిలితే ఆ పిల్లల్ని ఎవరు చూడాల అనే ప్రశ్నకి ఎవరి దగ్గరా జవాబు లేదు.

2020 చివర్లో కోసిగి దగ్గర ఒక ఊర్లో నేను కండ్లారా చూసినా. ఐదో తరగతి పాప, చంకలో తమ్ముడు, పొయ్యి మీద అన్నం. పాఠాలు వింటాండావా పాపా అంటే వాళ్లమ్మే చెప్పింది, "ఫోను వాళ్ల నాయన జేబులో ఉంటాది సార్, ఆయన పనికాన్నుంచి వచ్చేసరికి దాంట్లో చార్జింగుండదు. బడుంటే ఇద్దర్నీ ఆడే ఇడిసిపెట్టి పోతాంటి, ఇప్పుడు ఎవురికాడ ఇడిసేది?" నెల తర్వాత మళ్లీ ఆ వీధిలోకి పోతే ఆ ఇంటి వాకిలికి తుమ్మకంప అడ్డం పెట్టిండారు. ఇల్లంతా సుగ్గికి పోయినారు, పాప కూడా. ఉగాదికి తిరిగొచ్చినాక చూస్తే ఆ పాప వేళ్లు ఎర్రగా పొక్కి ఉన్నాయి, కంట్లో నలక పడితే చెయ్యి పెట్టడానికి భయపడి భుజంతో తుడుచుకుంటాంది. అది మిరపకాయల మంట, వారం రోజులైనా పోదు.

ఒక మంచి పని మాత్రం ఒప్పుకోవాల. గోరుముద్ద, అంటే బడి మధ్యాహ్న భోజనం బియ్యం, గుడ్లు, చిక్కీలు ఇండ్లకి పంచినారు, లేకుంటే ఇంకా ఘోరంగా ఉండేది. కానీ బడిలో పెట్టే గుడ్డు ఆ పిల్లోడి ప్లేట్లో పడతాది, ఇంటికొచ్చిన గుడ్డు నలుగురు పంచుకుంటారు, పంచుకోవాల కూడా, పని లేని ఇల్లు మరి. ఇల్లు మొత్తం గుంటూరుకి పోతే ఆ సంచీ ఎవరికిచ్చేది? అందుకే వంటామెని బడికి రానిచ్చి, వేపచెట్టు కింద పదిమంది పదిమందిని దూరందూరంగా కూచోబెట్టి వేడన్నం పెట్టుంటే, ఆ రెండు గంటలు టీచర్ కండ్ల ముందు పిల్లోడుండేవాడు, ఎవరు కనపడ్డం లేదో, ఏ పాపకి పెండ్లి మాటలు నడుస్తాండాయో అక్కడే తెలిసిపోయేది, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేసేదానికి ఒక మనిషన్నా ఉండేది.

కర్నూలు అప్పుడు రాష్ట్రంలోనే ఎక్కువ కేసులున్న జిల్లా, బడి తెరిచి ఇంట్లో ముసలోళ్లకి అంటించమంటావా అని కొందరు అంటారు. ఏప్రిల్, మే నెలల్లో మూయడం కరెక్టే, నేను కాదనను.

కానీ తర్వాత? మన రాష్ట్రంలో మందు షాపులు 2020 మే 4న తెరిచినారు. తొమ్మిది, పదో తరగతులకి బడి నవంబర్ 2న. 2021 సంక్రాంతికి సినిమాలు రిలీజైనాయి, ఒకటి నుంచి ఐదు దాకా పిల్లలకి మాత్రం ఫిబ్రవరి 1న. ఏప్రిల్లో సెకండ్ వేవ్ అని మళ్లీ మూసి, ఆగస్టు 16న తెరిచినారు. ఫోన్ చూసి సొంతంగా నేర్చుకోలేని చిన్నోళ్లనే అందరికంటే వెనక్కి నెట్టినాం. దీని ఫలితం ఊర్లలో పిల్లల చదువుని కొలిచే అసర్ సర్వేలో కనపడింది, దేశంలో రెండో తరగతి పాఠం చదవగలిగిన మూడో తరగతి పిల్లలు 2018లో 27.3 శాతం, 2022లో 20.5 శాతం. ఇది దేశం సగటు, ఇంక సుగ్గి ఊర్ల సంగతి మీరే ఊహించుకోండి.

మా దగ్గర సీజనల్ హాస్టళ్లు అని ఉండాయి, తల్లిదండ్రులు వలస పోయినప్పుడు పిల్లల్ని ఊర్లోనే ఉంచి చదివించేదానికి. ఇంకోసారి ఏ రోగమొచ్చినా అన్నిటికంటే ఆఖర్న మూయాల్సింది, అన్నిటికంటే ముందు తెరవాల్సింది ఇవే అని ఇప్పుడే జీవో రాసి పెట్టండి, అప్పుడు ఆలోచిద్దాంలే అంటే అయ్యేది కాదు.

అయినా అసలు ఆ తల్లి గుంటూరుకి ఎందుకు పోతాంది? తుంగభద్ర పక్కనే పారతాంటే మా చేలకి నీళ్లు లేవు కాబట్టి. ఎల్‌ఎల్‌సీ, అంటే తుంగభద్ర దిగువ కాలువ, చివరి ఆయకట్టుకి నీళ్లు ఏనాడు నికరంగా వచ్చినాయి? గుండ్రేవుల, వేదవతి ప్రాజెక్టులు అని ప్రతి ఎలక్షన్లో మైకుల్లో వింటాండాం, కోస్తా, సీమ నాయకులు చేసుకున్న 1937 శ్రీబాగ్ ఒప్పందం నుంచి సీమకి నీళ్ల మాటలే మిగిలినాయి. విద్యాశాఖోళ్లు డ్రాపౌట్ల లెక్కలు రాస్తారు, ఇరిగేషనోళ్లు క్యూసెక్కుల లెక్కలు రాస్తారు, రెండు ఫైళ్లూ ఒకే టేబుల్ మీదికి ఎప్పుడూ రావు. డిసెంబరొస్తే ఆ ఊరి హెడ్మాస్టర్ హాజరు పట్టీ చంకలో పెట్టుకొని వీధి వీధి తిరుగుతాడు, ఏ వాకిలికి కంప పెట్టిండారో లెక్కపెట్టుకుంటా.