సవరణ: పదేళ్ల లెక్క ఎక్కడ మొదలవుతుంది

వైద్య పరిశోధనకు డబ్బిచ్చే అమెరికా ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐహెచ్ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్స్ ఆఫ్ హెల్త్) నిధుల గురించి నేను ముందు పెట్టిన పోస్టులో తప్పు దొర్లింది. కొత్త పరిశోధకులకు నిధుల ఎంపికలో ప్రాధాన్యమిచ్చే ‘ఎర్లీ స్టేజ్ ఇన్వెస్టిగేటర్’ హోదాకు పదేళ్ల గడువు ఎండీ పట్టా (అమెరికాలో డాక్టర్ల మొదటి వైద్య పట్టా) అందిన రోజు నుంచే మొదలవుతుందని రాశాను. ఎన్‌ఐహెచ్ నిబంధనల్లో ఉన్నది వేరు: చివరి పట్టా, ఆ తర్వాతి క్లినికల్ శిక్షణ, ఈ రెండింటిలో ఏది ఆలస్యంగా పూర్తయితే అక్కడి నుంచి లెక్క. సరిగా చూసుకోకుండా రాయడం నా పొరపాటు.

తేడా చిన్నది కాదు. 2014లో పట్టా పుచ్చుకుని, రెసిడెన్సీ, ఫెలోషిప్ అనే క్లినికల్ శిక్షణలు ముగించి 2020లో బయటికొచ్చిన డాక్టరుకు నా లెక్కన 2024లోనే గడువు తీరిపోయింది. నిజానికి 2030 దాకా ఉంది. ఆ మధ్యలో బిడ్డ పుడితే, అడిగితే ఇంకో ఏడాది కలుపుతారు కూడా. నా మాట నమ్మి ఆర్‌01 (ఎన్‌ఐహెచ్ ప్రధాన పరిశోధన గ్రాంటు) దరఖాస్తు పక్కన పెట్టినవాళ్లుంటే దయచేసి మళ్లీ బయటికి తీయండి.

ఇంకొకటి. రోగులతో పరిశోధన చేసే డాక్టర్లకు ఎన్‌ఐహెచ్ ఇచ్చే కే23 అనే శిక్షణ గ్రాంటులో ఉన్న 75 శాతం షరతు అంటే జీతంలో వాటా అని కొందరు అనుకున్నారు. కాదు, మీ పని సమయంలో కనీసం అంత భాగం పరిశోధనకూ దానికి కావలసిన శిక్షణకూ కేటాయించాలని. ఓపీ, వార్డు, పాఠాలు అన్నిటికీ కలిపి మిగిలేది పావు వంతే. ఈ సంగతి విభాగాధిపతితో దరఖాస్తుకు ముందే తేల్చుకోండి.