రిబ్బన్ కత్తిరింపు లేని దానం

కాలిఫోర్నియాలోని సన్నీవేల్‌లో ఇల్లు కొనే మనవాళ్లు స్కూలు రేటింగ్ చూస్తారు, వాస్తు చూస్తారు. నేల కింది నీళ్ల సంగతి అడిగేవాళ్లు అరుదు. ఒకప్పుడు చిప్‌లు చేసిన ఫ్యాక్టరీల నుంచి ట్రైక్లోరోఎథిలీన్ లాంటి, జిడ్డు కడిగే విష ద్రావకాలు ఆ ప్రాంతంలో భూమిలోకి దిగాయి. ట్రైక్లోరోఎథిలీన్ నీటికంటే బరువు. ఇసుక గుండా అడుక్కి చేరి, అక్కణ్ణించి కొద్దికొద్దిగా కరుగుతూ ఉంటుంది. అమెరికాలో తాగునీటికి పరిమితి లీటరుకు 5 మైక్రోగ్రాములే. పంపులు పెట్టి ఏళ్ల తరబడి తోడినా ఒక పట్టాన వదలదు.

దీనికి విరుగుడు దొరికింది కెనడాలో, అదీ ఎవరూ వెతకని చోట. 1980లలో వాటర్లూ యూనివర్సిటీలో ప్రొఫెసర్ రాబర్ట్ గిల్హమ్ దగ్గర ఒక విద్యార్థి, బావి గొట్టాలకు వాడే పదార్థాలు ద్రావకాలను పీల్చుకుంటాయా అని పరీక్షిస్తున్నాడు. ఇంతకంటే చప్పటి పని ఉండదేమో! లోహాల దగ్గర లెక్క తేడా కొట్టింది. ద్రావకాన్ని లోహం పీల్చుకోవడం లేదు, రసాయనికంగా విడగొడుతోంది. 1991లో బోర్డెన్ సైనిక స్థావరంలో ఇనుప రజనును ఇసుకలో కలిపి, భూగర్భజలం దారికి అడ్డంగా గోడలా పూడ్చి చూశారు. కొన్నేళ్లకే అలాంటి గోడ సన్నీవేల్‌లోనూ దిగింది. కరెంటు లేదు, పంపు లేదు. నీరు తన దారిన తాను పోతూ శుభ్రపడుతుంది.

బోర్డెన్‌లో నీరు రోజుకు దాదాపు 9 సెంటీమీటర్లు కదులుతుంది, అంటే బెత్తెడు. 1982లో వాటర్లూకే చెందిన భూగర్భజల శాస్త్రవేత్త జాన్ చెర్రీ బృందం, స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ వాళ్లు కలిసి అక్కడ ద్రావకాలు కలిపిన నీటిని వదిలి, సుమారు 5,000 చోట్ల నమూనాలు తీసే ఏర్పాటుతో ఏళ్ల తరబడి దాన్ని వెంబడించారు. చెర్రీకి నీటి రంగంలో ఇచ్చే స్టాక్‌హోం వాటర్ ప్రైజ్ వచ్చింది 2020లో. ఈ రంగంలో ఓపిక ఉన్నవాళ్లకే పని.

ఇక మన వైపు. నల్గొండ ఫ్లోరైడ్ సంగతి దశాబ్దాలుగా తెలుసు. పటాన్‌చెరు పరిశ్రమల వ్యర్థాలు భూగర్భజలాల్లోకి చేరాయి. అమెరికాలోని మన తెలుగు సంఘాలు సొంత ఊళ్లలో ఆర్‌ఓ ప్లాంట్లు పెట్టిస్తాయి. మంచిదే, ఇవాళ్టి దాహం ఇవాళే తీరాలి. మరి ప్లాంటు వదిలేసే ఫ్లోరైడ్ నీళ్లు ఎక్కడికి పోతున్నాయి? శిలాఫలకం మీద దాతల పేర్లుంటాయి గానీ, ఈ సంగతి ఉండదు.

నా మాటేమిటంటే, ఆ నీళ్ల దారి వెంబడించడానికి ప్లాంటు నిధిలోంచే కొంత తీసి ఒక పీహెచ్‌డీ విద్యార్థికి ఐదేళ్ల స్టైపెండ్ ఇద్దాం, నేల కింది నీటిని కొలవడానికి ఊళ్లో నాలుగు పరిశీలన బావులు వేయిద్దాం. సలహాకు హైదరాబాద్‌లోనే జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) ఉంది. మొదటి ఏడాది చూపించడానికి కొలతల పట్టిక తప్ప ఏమీ ఉండదు. దాతలకు ఆ సంగతి ముందే చెప్పాలి.