సివిల్ చదివి డేటా సైన్స్ ఐ-20 పట్టుకున్న పిల్లలకు, వాళ్ళ అమ్మానాన్నలకు

మెకానికల్ గానీ, సివిల్ గానీ, బీఎస్సీ అగ్రికల్చర్ గానీ, తిరుపతిలో ఏ కన్సల్టెన్సీ గడప తొక్కినా చేతికొచ్చేది అమెరికాలో డేటా సైన్స్ అడ్మిషన్, దానికి యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 పత్రమే. అందులో తప్పేమీ లేదు. బ్రాంచి మారిస్తే వీసా ఇవ్వకూడదన్న రూలు అమెరికా చట్టంలో లేదు. రిజెక్ట్ చేసి చేతిలో పెట్టే కాగితం మీద మామూలుగా ఉండేది 214(బి) సెక్షన్. నువ్వు చదువు కోసమే వెళ్తున్నావని, అక్కడే ఉండిపోవని ఆఫీసరుకు నమ్మకం కుదరలేదని దాని భావం. స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, మ్యాథ్స్) కోర్సుకు 12 నెలల ఓపీటీ, అంటే చదువయ్యాక అక్కడే ఉద్యోగం చేసుకునే అనుమతి, దానిమీద ఇంకో 24 నెలలు ఉన్నాయని వాళ్ళకు తెలియదా? సంబంధం లేని కోర్సు కనిపిస్తే, చదువు ఒక సాకేమోనని అనుమానం పుడుతుంది. ఆ అనుమానం తీర్చాల్సింది పిల్లవాడే.

తీర్చేది మాత్రం ఎస్‌ఓపీతో కాదు. ఈ కోర్సు ఎందుకు చదవాలనుకుంటున్నావో చెప్పే ఆ వ్యాసం యూనివర్సిటీకి రాసింది. వీసా ఇంటర్వ్యూ కౌంటర్ దగ్గర ఉండేది రెండు మూడు నిమిషాలు, ఫైలు తెరవమని కూడా చాలాసార్లు అడగరు. ఆఫీసరు ముందుండేది డీఎస్-160 అనే వీసా దరఖాస్తు ఫారం, విదేశీ విద్యార్థుల వివరాలుండే సెవిస్ రికార్డు. ఐ-20 మొదటి పేజీలో కోర్సు పేరు, పక్కన కోడ్ ఉంటాయి. 30.7001 అంటే డేటా సైన్స్, 11.0701 అంటే కంప్యూటర్ సైన్స్. అక్కడ ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్ అని ఉంటే, వీడు నోటితో డేటా సైన్స్ అంటాడు. ఇక ఆఫీసరు ఏం నమ్ముతాడు?

'ఫీల్డ్ ఎందుకు మార్చావ్?' అంటే 'స్కోప్ ఎక్కువ సార్' అనే జవాబు అందరూ చెప్పేదే. పాత చదువులో ఏ పని దగ్గర కొత్తదాని అవసరం తగిలిందో చెప్పాలి. కరకంబాడి బ్యాటరీ ఫ్యాక్టరీలో ట్రైనీగా చేసిన మెకానికల్ కుర్రాడైతే, మెషీన్ ఎప్పుడు ఆగుతుందో సెన్సర్ రీడింగులతో ముందే పసిగట్టడం నేర్చుకోవాలని చెప్పవచ్చు. చిత్తూరు అగ్రికల్చర్ అమ్మాయికి తోతాపురి మామిడి ఉండనే ఉంది: రైతు రేటు, పల్ప్ ఫ్యాక్టరీ కొనుగోలు, ఎగుమతి ఆర్డర్లు, ఈ మూడింటి లెక్క ఎందుకు కుదరడం లేదో చూడటానికి అనలిటిక్స్ కావాలి. ఆ తర్వాత తాను చేరబోయే ప్రోగ్రామ్‌లో ఆ పనికి పనికొచ్చే రెండు సబ్జెక్టుల పేర్లు. అంతా కలిపి నాలుగు వాక్యాలు దాటకూడదు.

దానికి ఆధారం కూడా ఉండాలి. సీఎంఎంలో (అన్ని సెమిస్టర్ల మార్కులుండే మెమోలో) ప్రాబబిలిటీ అండ్ స్టాటిస్టిక్స్, సీ ప్రోగ్రామింగ్ మార్కులు ఎంతో నోటికి రావాలి. ఐఐటీల ఆన్‌లైన్ కోర్సులుండే ఎన్‌పీటెల్‌లో 12 వారాల కోర్సు తీసుకుని, సెంటర్‌కి వెళ్ళి పరీక్ష రాస్తే దానికి విలువుంది. అవి జనవరి, జూలైల్లో మొదలవుతాయి కాబట్టి అప్లికేషన్‌కు ముందు ఏడాదే చూసుకోవాలి. ఐ-20 వచ్చాక హడావిడిగా తెచ్చిన సర్టిఫికెట్ మీద తేదీ అన్నీ చెప్పేస్తుంది. అడ్మిషన్ లెటర్ కూడా చివరిదాకా చదవండి. ఫీల్డ్ మారిన వాళ్ళకు ముందుగా పూర్తి చేయాల్సిన అదనపు కోర్సులు కొన్ని యూనివర్సిటీలు పెడతాయి. వాటి ఫీజు బ్యాంకు లోను లెక్కలో లేకపోతే మొదటి సెమిస్టర్‌లోనే ఇబ్బంది.

నాకు ఒళ్ళు మండేది దొంగ ఎక్స్‌పీరియన్స్ లెటర్ల దగ్గర. గ్యాప్ కనిపించకూడదని రెండేళ్ళు డేటా అనలిస్ట్‌గా చేసినట్టు లెటర్ చేయించి ఇస్తారు. లింక్డ్‌ఇన్‌లో మాత్రం సైట్ ఇంజనీర్ అని ఉంటుంది. గత ఐదేళ్ళ సోషల్ మీడియా ఖాతాలు డీఎస్-160లో రాయాలి, 2025 జూన్ నుంచి స్టూడెంట్లు వాటిని పబ్లిక్‌లో పెట్టాలి కూడా. 214(బి) వస్తే మళ్ళీ వెళ్ళవచ్చు. కావాలని అబద్ధమాడినట్టు తేలితే పడేది 212(ఎ)(6)(సి) సెక్షన్, అది జీవితాంతం వదలదు. లెటర్ అమ్మిన వాడికి పోయేదేముంది? గ్యాప్‌లో కాంపిటీటివ్ ఎగ్జామ్స్ రాశాననో, నాన్న అంగట్లో లెక్కలు చూశాననో నిజం చెప్పినంత మాత్రాన వీసా పోదు.

రిజెక్ట్ అయితే అప్పీల్ లేదు. కొత్త డీఎస్-160, మళ్ళీ 185 డాలర్ల వీసా ఫీజు. సెవిస్ ఫీజు 350 డాలర్లు మాత్రం 12 నెలల లోపు మళ్ళీ కట్టక్కర్లేదు. కొండ కింద ఉండేవాళ్ళు వీసా కోసం చిలుకూరికి పోయి ప్రదక్షిణలు చేయడం చూస్తే నవ్వొస్తుంది గానీ, అదైనా నయం. అవే మాటలు బట్టీపట్టి మళ్ళీ స్లాట్ బుక్ చేసేవాళ్ళను ఏమనాలి?

ఆస్ట్రేలియా సంగతి వేరు. 2024 మార్చి 23 నుంచి నిజంగా చదువుకే వస్తున్నావా అని చూసే 'జెన్యూన్ స్టూడెంట్' ప్రశ్నలకు ఒక్కోదానికి 150 పదాల లోపు జవాబు రాయాలి. కెనడాకు కూడా ఎక్స్‌ప్లనేషన్ లెటర్ జత చేయవచ్చు. అక్కడ మీ తరఫున మాట్లాడేది ఆ రాతే, కాబట్టి అమెరికా యూనివర్సిటీకి పంపిన ఎస్‌ఓపీలో దేశం పేరు మార్చి పంపకండి.