సముద్రం పక్కన రోడ్డుంటే చాలదు

సైక్లింగ్ సైట్లలో ఏటా ఒక జాబితా వస్తూనే ఉంటుంది, ప్రపంచంలో అందమైన పది తీరప్రాంత రూట్లు అంటూ. ఫొటోలన్నీ ఒకేలా ఉంటాయి. ఒక పక్క కొండ, ఇంకో పక్క నీలం నీళ్లు, మధ్యలో నున్నటి తారురోడ్డు, దాని మీద ఒకే ఒక్క సైకిల్. లారీ ఉండదు, టూరిస్టు బస్సు ఉండదు, గాలి ఎటు వీస్తోందో ఫొటోలో ఎలాగూ తెలీదు. నేను చెప్పదలుచుకున్నది సూటిగా చెప్పేస్తాను: కారు అద్దంలోంచి అద్భుతంగా కనిపించే తీరం రోడ్లలో చాలావరకు రోడ్ సైక్లింగ్‌కి, అంటే తారురోడ్డు మీద వేగంగా దూరాలు తొక్కడానికి, అంతంతమాత్రమే, కొన్నైతే అసలు పనికిరావు. అందమే వాటి కొంప ముంచింది. ఆ అందం కోసం సైకిళ్ల కంటే ముందు కార్లు వచ్చి కూర్చుంటాయి కదా.

ఈ విషయంలో తైవాన్ వాళ్ల నిజాయితీ నాకు నచ్చుతుంది. 2015 చివర్లో వాళ్లు దీవి చుట్టూ 960 కిలోమీటర్లకు పైగా ఉండే సైకిల్ రూట్ నంబర్ 1 ప్రారంభించారు. అక్కడ దీవిని సైకిల్ మీద చుట్టి రావడం దాదాపు మొక్కు తీర్చుకోవడం లాంటిది, జెయింట్ సైకిల్ కంపెనీ పెట్టిన కింగ్ లియు 2007లో 73 ఏళ్ల వయసులో ఆ చుట్టు పూర్తి చేశాక ఆ మోజు ఇంకా పెరిగింది. ఆ మొత్తం చుట్టులో కళ్లు తిప్పుకోలేని భాగం తూర్పు తీరంలో ఉంది, సువావో నుంచి హువాలియెన్ దాకా కొండ నిటారుగా పసిఫిక్‌లోకి దిగిపోయే చోటు, దాన్నే సుహువా హైవే అంటారు. సరిగ్గా అక్కడే, సైకిల్‌ని రైలెక్కించి ఆ భాగం దాటేయండి అంటారు. ఇరుకు రోడ్డు, లారీలు, సొరంగాలు, పైనుంచి పడే రాళ్లు. పోస్టర్ మీద వేసుకోదగ్గ తీరాన్ని సైకిల్ తొక్కేవాళ్లకి వద్దని చెప్పగలగడం చిన్న విషయం కాదు, పర్యాటక శాఖలు మామూలుగా ఆ పని చేయవు.

ఏ రూట్ బాగుంటుంది అని అందరూ అడుగుతారు, ఎటు నుంచి ఎటు తొక్కాలి అని అడిగేవాళ్లు తక్కువ. తీరం రోడ్డు మీద ఆ రెండో ప్రశ్నే అసలు ప్రశ్న. వాహనాలు కుడివైపు నడిచే దేశంలో సముద్రం మీ కుడిచేతి వైపు ఉండాలి, ఎడమవైపు నడిచే దేశంలో ఎడమచేతి వైపు. అప్పుడు మీకూ నీళ్లకీ మధ్య ఇంకో లేన్ ఉండదు, ఎక్కడైనా ఆగాలంటే రోడ్డు దాటక్కర్లేదు. అంతకంటే ముఖ్యమైనది ఇంకోటుంది, సముద్రంలోంచి అడ్డరోడ్డు రాదు! పక్క సందులోంచి చూసుకోకుండా దూసుకొచ్చే కారు బెడద సముద్రం వైపు బాగా తక్కువ. అందుకే తైవాన్‌లో దీవిని అపసవ్యంగా చుడతారు, ఎడమవైపు నడిచే జపాన్‌లో దాదాపు 150 కిలోమీటర్ల అవాజి దీవిని సవ్యంగా చుడతారు. దీనికో చిక్కు లేకపోలేదు, లోయ అంచు కూడా మీ వైపే ఉంటుంది, రెయిలింగ్ తక్కువ ఎత్తులో ఉంటే పక్కనుంచి బస్సు ఒరుసుకుంటూ పోయినప్పుడు టెన్షన్ మామూలుగా ఉండదు.

ఇక గాలి. కొత్తవాళ్లు కొండని చూసి భయపడతారు, పాతవాళ్లు గాలిని చూసి భయపడతారు. గాలి నిరోధం వేగానికి వర్గంలో పెరుగుతుంది, అంటే వేగం రెట్టింపైతే నిరోధం నాలుగు రెట్లవుతుంది, కాబట్టి, గంటకి 25 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంటే 20 కిలోమీటర్ల ఎదురుగాలి తగిలిందనుకోండి, మీ ఒంటికి తగిలే గాలి 45, నిరోధం మూడు రెట్లు దాటిపోతుంది. కొండకైనా శిఖరం ఉంటుంది, ఎక్కేశాక దిగుడు దొరుకుతుంది, ఎదురుగాలికి అదేం ఉండదు, సాయంత్రం దాకా అలా తొక్కుతూనే ఉండాలి. పైగా తీరంలో గాలికి ఒక దినచర్య ఉంది. ఎండకి నేల నీళ్ల కంటే త్వరగా వేడెక్కుతుంది, దాంతో మధ్యాహ్నానికి సముద్రం నుంచి గాలి లోపలికి వీయడం మొదలవుతుంది. తీరం వెంబడి వెళ్లే రోడ్డుకి అది అడ్డగాలి. ఎదురుగాలి అలసట తెస్తే అడ్డగాలి ప్రమాదం తెస్తుంది, ముఖ్యంగా లారీ పక్కనుంచి దాటేటప్పుడు గాలి ఒక్క క్షణం ఆగి మళ్లీ ఫట్‌మని కొడుతుంది చూడండి, ఆ క్షణంలోనే హ్యాండిల్ చేతిలోంచి జారినట్టవుతుంది. కొండ ముక్కు తిరిగే మలుపుల్లోనూ అంతే. తెల్లారేసరికి సైకిలెక్కి పదకొండుకల్లా ముగించేవాళ్లు తెలివైనవాళ్లని నేననేది అందుకే.

కాలిఫోర్నియా హైవే 1లో బిగ్ సర్ భాగాన్ని ఉత్తరం నుంచి దక్షిణానికి తొక్కుతారు. అక్కడ గాలి ఎక్కువగా వాయవ్యం నుంచి వీస్తుంది, కాబట్టి వెనక నుంచి తోస్తుంది, సముద్రమూ కుడిచేతి వైపే ఉంటుంది. తిరగేసి తొక్కితే అదే రోడ్డు నరకం. 1937లో తెరిచిన ఆ రోడ్డుకి ఇంకో జబ్బు కూడా ఉంది, కొండ దానిమీదకి జారుతూనే ఉంటుంది. 2017 మేలో మడ్ క్రీక్ దగ్గర కొండచరియ పడితే మళ్లీ తెరవడానికి 2018 జులై అయింది.

తీరం రోడ్డంటే చదునుగా ఉంటుందనేది ఇంకో భ్రమ. కొండలున్న తీరంలో ప్రతి వాగూ సముద్రంలో కలిసే చోట రోడ్డు కిందకి దిగుతుంది, దాటగానే మళ్లీ ఎక్కుతుంది. ఒక్కోటీ చిన్నదే, నలభై మీటర్లో యాభై మీటర్లో, కానీ రంపం పళ్లలా అలా పదిహేను వస్తే పెద్ద ఘాట్ ఎక్కినంత పని అవుతుంది, పైగా లయ కుదరదు. స్పెయిన్‌కి చెందిన మయోర్కా దీవిలోని సా కలోబ్రా రోడ్డు ఇంకో తరహా. ఇంజనీర్ ఆంటోనియో పారియెట్టి రూపొందించిన ఆ రోడ్డు 1932లో పూర్తయింది, సొరంగాలు లేకుండా మెలికలు తిప్పుకుంటూ సముద్రం దాకా దింపాడు, ఒకచోట రోడ్డు తన కిందనుంచి తానే దూరి వెళ్తుంది. సుమారు 9.4 కిలోమీటర్లు, సగటు వాలు 7 శాతం. కిందికెళ్లాక ఇంకో రోడ్డు లేదు. ముందు సముద్రం, వెనక కొండ, కాళ్లు అయిపోయినా ఎక్కాల్సిందే, లేదంటే పడవ చూసుకోవాలి. నాకైతే ఇది జాబితాల్లో ఉండదగ్గ రోడ్డే, కాకపోతే టూరిస్టు బస్సులు రాకముందు ఎక్కడం అయిపోవాలి.

అసలు సమస్య ఎక్కడుందంటే, కొండ అంచున తొలిచిన రోడ్డుని వెడల్పు చేయలేం. ఆస్ట్రేలియా గ్రేట్ ఓషన్ రోడ్‌ని మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులు 1919 నుంచి 1932 దాకా తవ్వారు. ఆ కాలపు కార్ల లెక్క వేరు, ఇప్పుడు అదే రోడ్డు మీద టూరిస్టు బస్సులు, క్యాంపర్ వ్యాన్లు, సైకిల్ వెళ్లడానికి చాలాచోట్ల అంచు కూడా లేదు. ఇటలీ అమాల్ఫీ తీరంలో కార్లు ఎంత ముదిరిపోయాయంటే, రద్దీ రోజుల్లో సరి సంఖ్య నంబర్ ప్లేట్లు ఒక రోజు, బేసి ఒక రోజు అని పెట్టాల్సొచ్చింది.

కాబట్టి నేను మ్యాప్‌లో మొదట వెతికేది సముద్రాన్ని కాదు, ఆ ట్రాఫిక్‌కి వేరే దారి ఉందా అని. జపాన్‌లో దీవుల్ని వంతెనలతో కలిపే షిమానామి కైదో ఎందుకు అంత హాయిగా ఉంటుందంటే సుమారు 70 కిలోమీటర్ల పొడవునా హడావుడిగా పోయే బళ్లన్నీ పైన ఎక్స్‌ప్రెస్‌వే మీద పోతాయి, ఆరు దీవుల మీదున్న చిన్న రోడ్లు సైకిళ్లకి మిగులుతాయి. వంతెనల మీదకి సైకిళ్లకి వేరే ర్యాంపు, 3 శాతం వాలు, రోడ్డు పక్కన దారి చూపే నీలం గీత. ఇటలీలోని లిగూరియా తీరంలో 2001లో రైలుమార్గాన్ని కొండల్లోకి మళ్లించారు, సముద్రం పక్కన ఖాళీ అయిన పాత పట్టాల జాగాలో సాన్ లొరెంజో నుంచి ఒస్పెదలెత్తి దాకా 24 కిలోమీటర్ల సైకిల్ బాట వచ్చింది.

అయితే ఇక్కడ ఒప్పుకోవాల్సింది ఒకటుంది. ఈ బాటలు రోడ్ సైక్లిస్టులకి సరిగ్గా సరిపోవు. నడిచేవాళ్లు, పిల్లలు, కుక్కలు, ఐస్‌క్రీమ్ పట్టుకుని ఎటో చూస్తూ నడిచేవాళ్లు, వీళ్లందరి మధ్య గంటకి 35లో వెళ్లడం తప్పు. అందుకని గట్టిగా తొక్కేవాళ్లు మళ్లీ కార్లున్న పాత రోడ్డు మీదకే పోతారు. దీనికి నాకు తోచిన దారి సముద్రాన్ని కాస్త వదిలిపెట్టడమే. తీరానికి ఐదారు కిలోమీటర్లు లోపల, కొండ మీది ఊళ్లని కలిపే రోడ్లలో ట్రాఫిక్ తక్కువ, సముద్రం పైనుంచి ఇంకా బాగా కనపడుతుంది. ఈ సంగతి ఇటలీలో జరిగే మిలాన్–సాన్ రెమో సైకిల్ రేసు వాళ్లకి ఎప్పుడో తెలుసు. దాదాపు 300 కిలోమీటర్ల ఆ రేసుకి తీరం రోడ్డొక్కటే చాలక 1960లో పోజ్జియో, 1982లో చిప్రెస్సా ఎక్కుళ్లు కలిపారు. పోజ్జియో మహా అయితే 3.7 కిలోమీటర్లు, వాలు కూడా 4 శాతం లోపే, మామూలు మనిషి మామూలు గేర్‌లో ఎక్కేయొచ్చు. పూలు పెంచే గ్రీన్‌హౌస్‌ల పక్కనుంచి మెలికలు తిరుగుతూ పైకెళ్తుంటే కింద సముద్రం కనపడుతుంది, దాని పక్కనే తీరం రోడ్డు మీద వరసగా ఆగిపోయిన కార్లు కూడా.