బిల్లు లేని పని ధరలోకి రావడం లేదు

‘కృష్ణ నిలయం’ అని గుమ్మం పక్కన పెట్టే నేమ్ బోర్డు ఒకటి చేయాలనుకోండి. ఆ రెండు మాటలు కంప్యూటర్‌లో టైప్ చేసి, చెక్క షీటును కోసే లేజర్ మెషిన్‌కు ఇస్తే బోర్డు వచ్చేస్తుందని కొనేవాళ్లు అనుకుంటారు. అలా ఇస్తే వచ్చేవి ముక్కలు. ‘ష’ కింది ణ వత్తు విడిగా రాలిపోతుంది. చివరి సున్నా చిన్న ఉంగరంలా పక్కన పడుతుంది. ఇంగ్లిషులో ఐ, జే అక్షరాల మీది చుక్కలు తప్ప ప్రతి అక్షరమూ ఒకే ముక్కగా ఉంటుంది. మన లిపిలో వత్తులు, సున్నాలు, థ లోపలి చుక్క చాలా ఫాంట్లలో అక్షరానికి అంటకుండానే ఉంటాయి. వాటిని రూపు చెడకుండా సన్నని వంతెనలతో కలపాలి. వంతెన మరీ సన్నమైతే విరుగుతుంది, లావైతే అక్షరం చదవడానికే రాదు. ఒక్కో పేరుకు ముప్పావు గంట, గంట పడుతుంది. ఆ గంటకు ఎవరూ బిల్లు ఇవ్వరు.

ఇంటి నుంచి లేజర్ కటింగ్ వస్తువులు చేసి అమ్మే చాలామందికి, ముఖ్యంగా ఆడవాళ్లకు, చేతినిండా ఆర్డర్లున్నా చేతిలో డబ్బు నిలవకపోవడానికి కారణం ఇక్కడే ఉందని నా అభిప్రాయం. ఎండీఎఫ్ (చెక్క పీచును జిగురుతో అదిమి చేసే పలక) షీటుకు బిల్లుంది, కటింగ్ షాపు నిమిషాల లెక్కన బిల్లు వేస్తుంది, రంగులకు బిల్లుంది. బిల్లు ఉన్నవన్నీ కూడి, దాని మీద కొంత వేసి ధర చెప్పేస్తారు. బిల్లు లేనిది సొంత చెయ్యి ఒక్కటే, కాబట్టి అది లెక్కలోకే రాదు.

విజయవాడలో నాకు తెలిసిన ఒకావిడ ఇలాంటి బోర్డులు చేస్తారు. ఒక మధ్యాహ్నం ఆమె పనిచేస్తుంటే పక్కన కూర్చుని చూశాను. లేజర్ కోసిన అంచులు కాలి గోధుమ రంగుకు తిరిగి ఉంటాయి. ముట్టుకుంటే వేళ్లకు మసి అంటుతుంది. పొగ మరకలు పడకుండా ముందే షీటు మీద అంటించిన టేపును, జాలీ డిజైన్‌లోని ఒక్కో సందు దగ్గరా సూదితో లేపి తీయాలి. తర్వాత ఉప్పుకాగితంతో రుద్దాలి, ప్రైమర్ వేయాలి, ఆరాక మళ్లీ రుద్దాలి, రంగు రెండు పూతలు వేయాలి, పై పొరను కింది పొర మీద వంకర లేకుండా అతకాలి. మెషిన్ పని 14 నిమిషాలు. ఆమె చేతి పని దానికి ఎన్నో రెట్లు.

ఆ బోర్డు లెక్క వేసి చూద్దాం. షీటుకు తరుగుతో కలిపి 60 రూపాయలు, నిమిషానికి 10 చొప్పున కటింగ్‌కు 140, రంగులకు, జిగురుకు 50, పెట్టెకు, ప్యాకింగ్‌కు 40. మొత్తం 290. ఆమె చెప్పే ధర 450. అంటే 160 రూపాయలు మిగిలినట్టే కనిపిస్తుంది. కానీ అక్షరాలు కలపడానికి, వాట్సాప్‌లో కొనేవాళ్లు అడిగిన మార్పులకు ఒక గంట, చేతి పనికి రెండు గంటలు, ప్యాకింగ్‌కు, కొరియర్‌కు అరగంట అయింది. బేరంలో 50 తగ్గించారు. పది బోర్డుల్లో ఒకటి దారిలో విరిగి మళ్లీ చేసి పంపాల్సి వచ్చిందనుకుంటే, ఆ నష్టం ఒక్కోదానికి 29. ఇక మిగిలింది 81 రూపాయలు. మూడున్నర గంటలకు పంచితే గంటకు 23. ఎనిమిది గంటలు పనిచేస్తే 185 రూపాయలు. 2024-25లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉపాధి హామీ రోజు కూలి 300. కంప్యూటర్‌లో డిజైన్ చేయగలిగి, రంగుల మీద చెయ్యి తిరిగిన మనిషికి దక్కుతున్నది అందులో మూడింట రెండు వంతుల కంటే తక్కువ. ఇది నాకు కోపం తెప్పించే విషయం.

షాపులో పెట్టి అమ్మితే పరిస్థితి ఇంకా దారుణం. షాపువాళ్లు 35 శాతం కమిషన్ అడిగితే 450లో 157 పోతుంది, చేతికి వచ్చేది 293. ఖర్చు 290.

సొంత మెషిన్ ఉన్నవాళ్లు కటింగ్ ఉచితమే అనుకోవడం ఇంకో పొరపాటు. లేజర్ గాజు ట్యూబు వాడేకొద్దీ బలం తగ్గి ఒకరోజు పనికిరాకుండా పోతుంది. లెన్సులు, అద్దాలు, ట్యూబును చల్లబరిచే నీటి చిల్లర్, పొగ బయటికి పంపే ఫ్యాను అన్నీ అరిగేవే. వానాకాలంలో చెమ్మ తగిలి ఎండీఎఫ్ వంగితే ఫోకస్ తప్పి ఒకవైపు తెగదు. మధ్యలో కరెంటు పోయిందంటే షీటు వృథా కావచ్చు. బయట కోయిస్తే ఎంతవుతుందో అంతే సొంత మెషిన్‌కూ కట్టాలి, లేకపోతే రేపు ట్యూబు మార్చడానికి ఇంట్లో డబ్బు వెతుక్కోవాలి.

‘మెషిన్ కోసిందే కదా, చేతి పని ఎలా అవుతుంది?’ అని అడిగేవాళ్లున్నారు. ఏటికొప్పాక బొమ్మ చేసేదీ అంకుడు కర్రను లేతు యంత్రం మీద తిప్పే. దానికి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. తిరిగేది లేతు, రూపమూ రంగూ ఇచ్చేది మనిషి చెయ్యి. లేజర్‌కూ అదే న్యాయం వర్తించాలి. అయితే ఒకటి ఒప్పుకోవాలి. కొన్న డిజైన్ ఫైలుతో ఒకే కీచైన్‌ను 200 కోసి, మసి తుడిచి అమ్మితే దానికి చేతి పని ధర అడగకూడదు. అక్కడ షీటు ఖర్చు, మెషిన్ నిమిషాలు, కొద్దిపాటి లాభమే సరైన లెక్క. ఈ రెండు రకాల సరుకుకూ ఒకే సూత్రం వాడి, కీచైన్ ఎక్కువకూ బోర్డు తక్కువకూ అమ్ముతున్నవాళ్లే ఎక్కువ.

పన్ను సంగతీ ఉంది. సరుకు అమ్మేవాళ్లు జీఎస్టీ రిజిస్ట్రేషన్ తీసుకోవాల్సిన పరిమితి ఆంధ్రప్రదేశ్‌లో ఏడాదికి 40 లక్షలు, తెలంగాణలో 20 లక్షలు. అంతకు లోపున్నవాళ్లు షీటు మీద కట్టిన పన్ను వెనక్కి రాదు కాబట్టి దాన్ని ఖర్చులోనే చూడాలి.

మరి బోర్డు ధర ఎంత? గంటకు 100 చొప్పున మూడున్నర గంటలకు 350, ఖర్చు 290, విరిగేవాటికి 29. మొత్తం 669. పాడైన నమూనాలకు, పనిముట్లకు, ఫొటోలకు 15 శాతం కలిపితే సుమారు 770. గంటకు 100 ఎక్కువ అనిపిస్తే, ఇంటికి రంగులు వేసే మేస్త్రీ రోజుకు 800కు వస్తాడేమో అడిగి చూడండి. షాపులో పెట్టాలంటే కమిషన్ దీనికి అదనం.

ఈ లెక్క చూపించినప్పుడు ఆమె మొదట ఒప్పుకోలేదు. ‘అంత చెబితే ఎవరు కొంటారండీ’ అన్నారు. నెల రోజులు ప్రతి పనికీ పట్టిన సమయం నోటు పుస్తకంలో రాసుకున్నాక మనసు మార్చుకున్నారు. మొన్న ఒకరు ‘విష్ణు నిలయం’ బోర్డు అడిగితే 770 అన్నారు. ‘తగ్గించండి అక్కా’ అంటే ధర తగ్గించలేదు, రెండో పొర లేకుండా, ఒకే రంగుతో అయితే 560కి చేస్తానన్నారు. అవతలివాళ్లు ఒక రోజు ఆలోచించుకుని, రెండు పొరలదే కావాలని అడ్వాన్సు పంపారు.