ఫ్లాస్కు మూతలోని రింగు సంగతి?

ఫ్లాస్కు వాసన వస్తే వంటసోడా, వెనిగర్ కలిపి పోయమని ఫ్లాస్కు శుభ్రం చేయడంపై మీ వ్యాసంలో రాశారు. కలిపితే ఒకదాన్నొకటి విరిచేసుకుంటాయి, నురగ తప్ప ఏమీ మిగలదు. టీ మరకకి సోడా చాలు: అర లీటరు వేడినీళ్లలో 2 చెంచాలు, అరగంట, మూత బిగించకుండా. బోరు నీళ్ల తెల్లపొరకి వెనిగర్, అదీ విడిగా. బ్లీచింగ్ వద్దేవద్దు, క్లోరిన్ స్టీలుని గుంతలు గుంతలుగా తినేస్తుంది.

అసలు కంపు ఎక్కువగా మూతలోని సిలికాన్ రింగు కిందే ఉంటుంది. చెంచా కాడతో లేపి, పాత టూత్‌బ్రష్‌తో తోమి, పూర్తిగా ఆరాకే తొడగాలి. మన శ్రీకాకుళం వైపు చోడి (రాగి) అంబలి పోసుకెళ్లేవాళ్లు మరీ చూసుకోవాలి; పిండి ఆ గాడిలో ఇరుక్కుని పులుస్తుంది. అంబలి గంటల తరబడి లోపలే ఉంటే గ్యాస్ పట్టి, తీసేటప్పుడు మూత ఎగిరినా ఎగురుతుంది. వేడి పోయగానే బయటి గోడ కాలుతోందా? రెండు గోడల మధ్య ఉండే వాక్యూమ్ (గాలి లేని ఖాళీ) పోయింది, ఇక తోమి లాభం లేదు.